బహుళ అస్తిత్వాలు, కౌన్సెలింగ్: ఇపో తెలుగువారు

ఒకే మనిషిలో జాతి, భాష, మతం, కులం, స్త్రీపురుష భేదం, ఆర్థిక స్థితి కలిసినప్పుడు పుట్టే ఒత్తిడిని గమనించి చేసే కౌన్సెలింగ్‌కు ఆధారమైన ఆలోచనను అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్‌షా 1989లో ముందుకు తెచ్చారు. జాతి వివక్ష అంటే నల్లజాతి మగవారి కష్టం, లింగ వివక్ష అంటే తెల్లజాతి ఆడవారి కష్టం అని కోర్టులు కొలుస్తుంటే, నల్లజాతి స్త్రీ నష్టం ఏ లెక్కలోనూ చేరడం లేదని ఆమె చూపించారు. డెరాల్డ్ వింగ్ సూ, ప్యాట్రీషియా అర్రెడొండో, రోడెరిక్ మెక్‌డేవిస్ 1992లో కౌన్సెలర్లకు ఉండవలసిన బహుళ సాంస్కృతిక సామర్థ్యాలను క్రోడీకరించారు. 2015లో మరికొందరు వాటిని సామాజిక న్యాయంతో ముడిపెట్టి తిరగరాశారు. ఇవన్నీ అవసరమే. కానీ వచ్చిన వ్యక్తి గుర్తింపులను వరసగా రాసుకోవడంతో పని పూర్తికాదు. ప్రస్తుతం ఏ గుర్తింపు మీద, ఎవరి వల్ల ఒత్తిడి పడుతోందో తెలిస్తేనే సాయం మొదలవుతుంది. మలేసియాలోని ఇపోలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

పెరాక్ రాష్ట్ర రాజధాని ఇపో, కింటా లోయ తగరపు గనులతో పెరిగిన నగరం. బజారులో కాంటనీస్, కార్యాలయాల్లో మలయ్ వినిపిస్తాయి. బ్రిటిష్ కాలంలో విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి మలయాకు వెళ్లిన తెలుగువారు ఎక్కువగా రబ్బరు, కొబ్బరి తోటల్లో పనిచేశారు. పెరాక్ దిగువ భాగంలోని బగాన్ దాతో కొబ్బరి తోటలు అలాంటివే. తోటల్లో తమిళులే ఎక్కువ, భారతీయుల పిల్లలకు ఎక్కువగా ఉన్నది తమిళ బడి. ఇప్పటికీ దరఖాస్తులో ‘బంగ్సా’ (జాతి) అన్న చోట మెలాయు (మలయ్), చీనా, ఇండియా, లాయిన్-లాయిన్ (ఇతరులు) అనే గడులుంటాయి. తెలుగు మనిషి ‘ఇండియా’ దగ్గర టిక్కు పెడతాడు, ఎదుటివారు తమిళుడనుకుంటారు. 1955లో ఆంధ్ర సంఘంగా మొదలైన తెలుగువారి సంస్థ, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన రెండో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ మరుగున పడటానికి ఎదురునిలిచినవే. ఇంట్లో అమ్మమ్మతో తెలుగు, స్నేహితులతో తమిళం, ఉద్యోగంలో మలయ్ మాట్లాడే యువతికి కౌన్సెలర్ భారతీయ సంస్కృతి పేరుతో తమిళ కుటుంబపు ఆనవాయితీలను ఆపాదిస్తే, ఆమె మర్యాదకు తలూపి వెళ్లిపోవచ్చు. అసలు మాట లోపలే ఉండిపోతుంది.

అయితే భాషే ఎప్పుడూ ముఖ్యమనడం కూడా పొరపాటే. ఇపోకు చెందిన హిందూ కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయురాలు ఇందిరా గాంధీ ముత్తో కేసు చూడండి. 2009లో భర్త ఇస్లాం స్వీకరించి, ఆమె అంగీకారం లేకుండా ముగ్గురు పిల్లలనూ మతం మార్పించాడు. పిల్లల సంరక్షణను షరియా కోర్టు తండ్రికి, సివిల్ కోర్టు తల్లికి ఇచ్చాయి. ఇపో హైకోర్టు 2013లో ఆ మతమార్పిడులను రద్దు చేసింది, అప్పీలు కోర్టు 2015లో ఆ తీర్పును కొట్టేసింది. మైనర్ల మతమార్పిడికి తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలని ఫెడరల్ కోర్టు 2018 జనవరి 29న తేల్చింది. ఇక్కడ ఆమెను నలిపింది మాతృభాష కాదు. తల్లి కావడం, హిందువు కావడం, రెండు న్యాయవ్యవస్థల మధ్య నిలవడం, ఈ మూడూ ఒక్కసారే పడ్డాయి. ఇలాంటి స్థితిలో ఉన్నవారికి ధైర్యం చెప్పినంత మాత్రాన సరిపోదు. న్యాయసాయం ఎక్కడ దొరుకుతుందో కూడా కౌన్సెలర్‌కు తెలిసి ఉండాలి.

ఇలా గుర్తింపులను గమనించి చేసే కౌన్సెలింగ్‌పై రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. బాధ ఎవరిదైనా బాధే, ఈ విభజనలెందుకన్నది మొదటిది. బాధ ఒకటే కావచ్చు, దాన్ని బయటపెడితే జరిగేది మాత్రం అందరికీ ఒకటి కాదు. ఇపో పక్కనే 1911లో మొదలైన మానసిక వైద్యశాల ఉన్న తంజుంగ్ రంబుతాన్ పేరు మలేసియాలో పిచ్చికి మారుపేరుగా వాడుకలో ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న చిన్న సమాజంలో ఆ మాట ఒక ఆడపిల్ల మీద పడే తీరు, ఉద్యోగస్థుడైన అన్న మీద పడే తీరు వేరు. రెండో అభ్యంతరం బరువైనది: ఇన్ని సంస్కృతులను ఏ కౌన్సెలర్ నేర్చుకోగలడు? ఎవరూ నేర్చుకోలేరు, నేర్చుకోనక్కర్లేదు. మలేసియాలో కౌన్సెలర్ల నమోదును తప్పనిసరి చేసిన 1998 చట్టం అర్హతను చూడగలదు కానీ అడిగే తీరును నేర్పలేదు. ‘మీ ఇంట్లో ఈ సంగతి ఎవరికి తెలియకూడదనుకుంటున్నారు?’ అన్న ఒక్క ప్రశ్న దరఖాస్తు గడులన్నింటికంటే ఎక్కువ చెబుతుంది. అడగడంతో పాటు చెప్పవలసినదీ ఒకటుంది. ఆత్మహత్యాయత్నం 2023 వరకూ మలేసియాలో నేరం. ఆ భయం చట్టంలోంచి పోయినా పెద్దల మనసుల్లోంచి వెంటనే పోదు కాబట్టి, ఇప్పుడది నేరం కాదని మొదటి సమావేశంలోనే విడమరిచి చెప్పడం కౌన్సెలర్ బాధ్యత.