ఆపరేషన్ ముందు, అవగాహన వెనుక: అనంతపురం పల్లెల్లో యువత ఆరోగ్యం కథ

పామిడి పేరు చెబితే రాయలసీమలో చాలామందికి నైటీలు గుర్తొస్తాయి. పెన్నా ఒడ్డున, హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి మీద, అనంతపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణంలో బట్టల వ్యాపారం, కుట్టుపని ఎన్నో ఇళ్ళకు తిండి పెడుతున్నాయి. చుట్టూ ఉన్న పల్లెలది వేరే బతుకు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కురిసే వానను నమ్ముకుని వేరుశనగ వేసిన మెట్ట నేలలవి. పంట పోయిన ఏడు పెద్దవాళ్ళు బెంగళూరు వలస పోతారు. పెద్దమనిషైన కూతురిని ముసలివాళ్ళ దగ్గర వదలలేరు, వెంట తీసుకుపోనూ లేరు. మేనమామకో మేనత్త కొడుక్కో ఇచ్చి చేసేస్తే ఒక బరువు దిగిందనుకుంటారు. ఈ నేల మీద కరువుకూ బాల్యవివాహానికీ ఉన్న చుట్టరికం అదే.

పెళ్ళి ఎప్పుడు, తొలి కానుపు ఎప్పుడు, కానుపుకూ కానుపుకూ ఎంత ఎడం, జబ్బు అంటకుండా ఎలా? ఈ నాలుగు ప్రశ్నలకు యువతీయువకుల దగ్గర సరైన జవాబు ఉండటమే లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యానికి మొదలు. మన దగ్గర ఈ జవాబులు చెప్పే పని చాలావరకు స్వచ్ఛంద సంస్థలు మొదలుపెట్టాయి. ప్రభుత్వం దాన్ని అందుకున్నాక పుట్టే పిల్లలను లెక్కపెట్టింది గానీ, కనే పిల్లను లెక్కలోకి తీసుకోవడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. సీమ పల్లెల అనుభవం చెప్పేది ఇదే.

చట్టాలు, తొలి సంఘాలు

తెలుగునాట ఆడపిల్ల శరీరం గురించిన తొలి బహిరంగ చర్చ పెళ్ళి చుట్టూనే నడిచింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ వితంతువులను తయారుచేస్తున్నది బాల్యవివాహమేనని సమాజానికి ఎత్తిచూపారు. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు 14, మగపిల్లవాడిది 18 అంది. చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది, ఊళ్ళలో ముహూర్తాలు మాత్రం పాత పద్ధతిలోనే సాగాయి.

అదే 1930లో అనంతపురం జిల్లాను ఆనుకుని ఉన్న మైసూరు సంస్థానం ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భనిరోధక క్లినిక్‌లు తెరిచింది. ఒక ప్రభుత్వమే ఈ పనికి పూనుకోవడం ప్రపంచంలో అదే మొదలు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన జిల్లాకు మాత్రం అప్పటికి ఆ గాలి సోకలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ధన్వంతి రామారావు, అవాబాయి వాడియాలు కలిసి 1949లో బొంబాయిలో భారత కుటుంబ నియంత్రణ సంఘాన్ని స్థాపించారు. అప్పటికి ఈ మాట నలుగురిలో ఎత్తడమే తప్పు. వాడియా ఇలాంటి పనిలోకి దిగుతున్నందుకు చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్న కాలమది. 1952లో ఆ సంఘం పిలుపు మీద బొంబాయిలో అంతర్జాతీయ మహాసభ జరిగింది. అమెరికా నుంచి మార్గరెట్ శాంగర్ వచ్చారు. ప్రపంచమంతటా పనిచేస్తున్న అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ సమాఖ్య పుట్టింది ఆ సభలోనే. అదే ఏడాది భారత ప్రభుత్వం జాతీయ కార్యక్రమం ప్రకటించింది. ప్రపంచంలో అలాంటి ప్రభుత్వ కార్యక్రమం అదే తొలిది.

ఎర్ర త్రికోణం నీడలో

ప్రభుత్వం రంగంలోకి దిగాక పని విస్తరించింది, దృష్టి మాత్రం ఇరుకైంది. 1960ల చివరికి గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం, దుకాణాల్లో దొరికే నిరోధ్ కండోమ్ పొట్లాలు, ఇద్దరో ముగ్గురో చాలనే నినాదం పల్లెలకు చేరాయి. ఆ వెనకే లక్ష్యాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగి ఏడాదికి ఇన్ని ‘కేసులు’ తేవాలి. అత్యవసర పరిస్థితిలో ఇది ముదిరి 1976–77లో దేశంలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువ భాగం మగవాళ్ళకే, చాలాచోట్ల బలవంతంగా. 1977 ఎన్నికల్లో ప్రజలు దానికి జవాబు చెప్పారు.

ఆ దెబ్బకు బెదిరిన ప్రభుత్వాలు మగవాళ్ళ జోలికి పోవడం మానేశాయి. భారమంతా ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. ఇద్దరు పిల్లలు పుట్టగానే కు.ని. ఆపరేషన్ చేయించుకోవడం ఆంధ్ర పల్లెల్లో ఆనవాయితీగా మారింది. 1978లో ఆడపిల్ల పెళ్ళి వయసు 18కి, అబ్బాయిది 21కి పెరిగింది. అయితే ఆ వయసును కాపలా కాసే ఉద్యోగి లేడు, ఆపరేషన్ లక్ష్యాన్ని తరిమే ఉద్యోగులు మాత్రం ఊరూరా ఉన్నారు.

కరువు నేలలో ఒక ట్రస్టు

అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద సేవ చరిత్ర 1969తో మలుపు తిరుగుతుంది. బార్సిలోనాలో పుట్టి, 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్ళాల్సివచ్చిన విన్సెంట్ ఫెర్రర్, తిరిగివచ్చి అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థను (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మొదలుపెట్టారు. జిల్లా జనం నోట అది ‘ఆర్డీటీ’, ఆయన ‘ఫాదర్’. జెస్యూట్ క్రైస్తవ మత సంఘాన్ని వదిలి 1970లో అన్నేను పెళ్ళి చేసుకున్నా ఆ పిలుపు మారలేదు.

బావులు, చెక్‌డ్యాములు, ఇళ్ళు, బడులతో మొదలైన ఆ సంస్థ పని త్వరలోనే ఆరోగ్యానికి చేరింది. పట్నం నుంచి డాక్టరు వచ్చి ఉపన్యాసం ఇవ్వడం కాకుండా, ఊళ్ళోని మహిళకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా నిలబెట్టడం దాని పద్ధతి. కానుపు, రక్తహీనత, నెలసరి శుభ్రత గురించి పిల్లలు నోరు విప్పాలంటే ఎదుట ఉన్నది తెలిసిన పిన్నమ్మో అక్కో కావాలి. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో వెలసిన ఆసుపత్రులు ఆ కార్యకర్త మాటకు వెన్నుదన్నయ్యాయి. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల మహిళల సంఘాలు, అనంతపురంలోని క్రీడా అకాడమీలో హాకీ, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలు ఈ కథలో భాగమే. పదహారేళ్ళ పిల్లకు మైదానంలో రేపటి ఆట ఉంటే, ఇంట్లో పెళ్ళి మాట ఒక ఏడాదైనా వెనక్కు పోతుంది.

జిల్లాలో మరో గాయం కూడా ఉంది. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవత పేరు మీద బసివినిగా, అంటే దేవదాసిగా, వదిలే ఆచారం ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా సాగింది. 1988లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. పిల్లకు తన శరీరం మీద తనకే హక్కు లేని చోట ఆరోగ్యం గురించి ఎంత బోధించినా ఫలితం ఉండదని ఆ ఆచారం మీద పోరాడిన సంస్థలకు ముందే తెలుసు.

రహదారి వెంట వచ్చిన జబ్బు

1986లో చెన్నైలో దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. మరో పదిహేనేళ్ళకు దేశంలో ఎక్కువ వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటైంది. లారీలు, వలసలు, కరువు కలిసిన చోట అది వేగంగా పాకింది. పామిడి గుండా పోయే రహదారి లాంటివి దానికి దారులయ్యాయి. బెంగళూరులో కూలికి పోయి వచ్చిన భర్త నుంచి పదహారు, పదిహేడేళ్ళ భార్యకు, ఆమె నుంచి కడుపులో బిడ్డకు అంటిన కథలు ఎన్నో.

కండోమ్ మాట నోట రాని తెలుగు సమాజాన్ని ఆ జబ్బు భయం మాట్లాడించింది. 2000ల తొలి ఏళ్ళలో పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని అడిగిన గోడ ప్రకటనలు తెలియనివాళ్ళు అప్పట్లో లేరు. పిల్లలు దాన్ని జోకుగా వాడుకున్నారు, పెద్దలు విసుక్కున్నారు, అయినా మాట ఇళ్ళలోకి వచ్చింది. 2003లో మొదలైన ‘ఆవాహన్’ కార్యక్రమం లారీ డ్రైవర్ల మధ్య, సెక్స్ వర్కర్ల మధ్య పనిచేసే సంస్థలకు ఊతమిచ్చింది. ఆర్డీటీ బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగులకు ప్రత్యేక వైద్యం ఏర్పాటుచేసింది. అక్కడి వైద్యులు రాసిన పరిశోధన పత్రాలు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. ముట్టుకోవడానికి బంధువులే జంకిన రోజుల్లో వార్డులో మంచం దొరకడం ఆ రోగులకు మందుతో సమానం.

అయితే ఎయిడ్స్ ప్రచారం ఒక లోపాన్ని కూడా మిగిల్చింది. యువతకు లైంగికత గురించి తొలిసారి చెప్పింది భయమే. జబ్బు తెలిసింది, శరీరం తెలియలేదు.

జవాబులు చెప్పినవాళ్ళు

శరీరం గురించి తెలుగులో ఓపిగ్గా చెప్పినవాళ్ళు కొద్దిమంది. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వచ్చిన డాక్టర్ జి. సమరం వారిలో ముందువరుసలో నిలుస్తారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన ఆయన ‘స్వాతి’ వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల తరబడి జవాబులు రాశారు. హస్తప్రయోగం, తొలిరాత్రి భయాలు, కన్యత్వం మీద అపోహల గురించి దాపరికం లేకుండా చెప్పారు. ఇంట్లో ఎవరినీ అడగలేని కుర్రవాడు, పత్రిక దాచుకుని చదివే అమ్మాయి అందులో తమ ప్రశ్నను వెతుక్కున్నారు.

సంస్థల స్థాయిలో కుటుంబ నియంత్రణ సంఘం 1978లోనే బొంబాయిలో లైంగిక విద్య, కౌన్సెలింగ్, శిక్షణల కోసం ప్రత్యేక కేంద్రం తెరిచింది. పెళ్ళైన తల్లి నుంచి పెళ్ళి కాని యువత వైపు చూపు మళ్ళడం అక్కడ మొదలైంది. 1994 కైరో జనాభా సదస్సు ఆ చూపును ప్రపంచ విధానంగా మార్చింది. జనాభా సంఖ్య కాదు, మనిషి హక్కు ముఖ్యమంది. భారత ప్రభుత్వం 1996లో లక్ష్యాలను ఎత్తేసి, 1997లో పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది.

2005లో బడుల్లో కౌమార విద్య ప్రవేశపెట్టగానే గగ్గోలు లేచింది. 2007 నాటికి మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటకతో సహా పలు రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. సంస్కృతి చెడిపోతుందన్నారు. పదిహేనేళ్ళకు తల్లైన పిల్లను చూసినప్పుడు ఆ సంస్కృతి ఎందుకు ఉలిక్కిపడలేదో ఎవరూ చెప్పలేదు. 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలై 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు ప్రత్యేక క్లినిక్‌లు, తోటి పిల్లల్లోంచే శిక్షకులు, వారం వారం నీలిరంగు ఐరన్ మాత్రలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.8కి దిగారు. జనాభా నిలకడకు కావలసిన 2.1 కన్నా అది తక్కువ. అదే సర్వేలో 20–24 ఏళ్ళ మహిళల్లో దాదాపు 55 శాతానికి 18 నిండకముందే పెళ్ళయినట్టు తేలింది. జనాభా పరీక్షలో రాష్ట్రం ముందు వరుసలో నిలిచింది, పిల్లల బతుకు పరీక్షలో తప్పింది. అనంతపురంతో సహా పలు జిల్లాల పిల్లలను 2002 నుంచి వరుసగా పరిశీలించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం అదే మాట చెప్పింది. అందులో 1994–95 ప్రాంతంలో పుట్టిన అమ్మాయిల్లో 28 శాతానికి 18 ఏళ్ళలోపే పెళ్ళయింది. అబ్బాయిల్లో అలాంటివాళ్ళు అరుదు.

2019–21 సర్వేకు వచ్చేసరికి విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ మహిళల్లో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు 29.3 శాతం. దేశ సగటు 23.3. సర్వే నాటికి 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది తల్లులయ్యారు లేదా గర్భంతో ఉన్నారు. పెళ్ళైన మహిళల్లో 70 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. మాత్రలు, కాపర్ టీ, కండోమ్ లాంటి ఎడం పాటించే పద్ధతులు నామమాత్రం. పదిహేడుకు పెళ్ళి, ఇరవై లోపు ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్. డిగ్రీ చదవాల్సిన వయసులో ఆ అమ్మాయి పునరుత్పత్తి జీవితం ముగిసిపోతుంది, ఆ మధ్యలో ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

చట్టం చేతిలో రెండు అంచులు

2006 బాల్యవివాహ నిషేధ చట్టం, 2012 పోక్సో చట్టం పిల్లలకు రక్షణనిచ్చాయి. 18 లోపు భార్యతో సంభోగం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మైనరు గర్భంతో వస్తే పోలీసులకు చెప్పి తీరాలన్న నిబంధన భయానికి పిల్లలు ఆసుపత్రి గడప తొక్కకుండా నాటు మందులకు పోయే ప్రమాదం ఏర్పడింది. అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పెళ్ళితో పని లేకుండా 24 వారాల వరకు గర్భవిచ్ఛిత్తి అవకాశం కల్పిస్తూ, మైనరు, ఆమె సంరక్షకులు కోరితే వైద్యుడు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కర్లేదని చెప్పింది. ఈ సంగతి పల్లె ఆసుపత్రి దాకా చేరాలి.

ఇంతలో గాలి మళ్ళీ తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ రద్దుచేసింది. ఎక్కువ మందిని కనమని నాయకులు చెబుతున్నారు. నిన్న వద్దన్నవాళ్ళే నేడు కావాలంటున్నారు. రెండుసార్లూ లెక్క సర్కారుదే, మోయాల్సిన కడుపు ఆమెది.

స్వచ్ఛంద సంస్థల మీదే ఆధారపడితే వచ్చే ఇబ్బందీ ఇటీవలే తెలిసింది. 2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడితే జిల్లా జనం రోడ్డెక్కారు. ఒక సంస్థ మీద ప్రజలకున్న ప్రేమకు అది గుర్తు, ప్రభుత్వం వదిలేసిన ఖాళీ ఎంత పెద్దదో కూడా అదే చెప్పింది.

ఏడు దశాబ్దాల ఈ చరిత్ర ఇచ్చే తీర్పు సూటిగా ఉంది. ఆపరేషన్ థియేటర్లు పల్లెకు చేరినంత వేగంగా సమాచారం చేరలేదు. ఇక చేయాల్సింది మూడు పనులు. ఎనిమిదో తరగతి నుంచే శరీరం గురించి పాఠం చెప్పాలి, అందులో అబ్బాయిలను కూడా కూర్చోబెట్టాలి. కుట్టు మిషన్ల దగ్గర, వలస కూలీల గుడిసెల దగ్గర, బడి మానేసిన పిల్లలు ఎక్కడుంటే అక్కడికి కౌన్సెలింగ్ వెళ్ళాలి. రహస్యం కాపాడే నర్సు ప్రతి మండల ఆసుపత్రిలో ఉండాలి. పక్కింట్లో 18 నిండని పిల్లకు ముహూర్తం పెడుతున్నారని తెలిస్తే 1098కి ఒక్క ఫోను చేయండి. చట్టం ఆ పిల్ల వైపే ఉంది, మనమూ ఉండాలి.