దిల్‌కి గిలాసతో కొలిచిన కరెంటు

ఐసీయూ బయట నిలబడ్డ కుటుంబాలు డాక్టర్లను తరచూ అడిగే సవాల్ ఒకటుంది: "గీత సీదా అయిపోయినప్పుడు షాక్ ఎందుకివ్వలేదు?" సినిమాలు మనకు నేర్పిన ఖయాల్ అది. డీఫిబ్రిలేటర్ ఇలాజ్ ఆగిపోయిన గుండెకు కాదు, లయ తప్పి గిలగిలా వణికే గుండెకు. ఆ వణుకును ఒక్క దెబ్బతో అణిచేస్తే, దిల్ తన ధడ్కన్‌ను తానే అందుకునే మౌకా దొరుకుతుంది. ఆ దెబ్బ ఎంతుండాలి? అసలు మసలా అదే.

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్, ఆపరేషన్ బల్ల మీద 14 ఏళ్ల అబ్బాయి జాన్ ఇలాగే కాపాడాడు. తెరిచిన ఛాతీలో, నేరుగా గుండెకే షాక్. 1956లో బోస్టన్ డాక్టర్ పాల్ జోల్ ఛాతీ కోయకుండా పైనుంచే ఇచ్చాడు. ఇద్దరూ వాడింది గోడలోంచి వచ్చే ఏసీ కరెంటే. ఉర్దూ మీడియంలో మేం కరెంటును 'బర్ఖీ రౌ' అని చదువుకున్నాం. రౌ అంటే ప్రవాహం. ప్రవాహానికి తనంతట తానుగా ఆగడం తెలియదు కదా!

ఛార్జ్ చేసిన కెపాసిటర్‌తో షాక్ ఇవ్వాలన్న ఆలోచన సోవియట్ శాస్త్రవేత్త నౌమ్ గుర్విచ్‌కు 1939 నాటికే ఉంది. 1960ల మొదట్లో బోస్టన్‌లో బెర్నార్డ్ లౌన్, ఇంజినీర్ బరూఖ్ బెర్కోవిట్స్‌తో కలిసి దాన్ని ఆసుపత్రి మెషీన్‌గా మలిచాడు. ఏసీ షాక్ గుండె కండరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తోందని జంతువుల మీద చూశాకే అటు మళ్లాడు.

నల్లా కింద నోరు పెట్టి తాగడానికీ, గిలాసలో పట్టుకుని తాగడానికీ ఉన్న ఫరఖే ఇది. గిలాసలో ఉన్నంతే వస్తుంది. 32 మైక్రోఫారాడ్ల కెపాసిటర్‌ను 5,000 వోల్టులకు నింపితే అందులో చేరేది 400 జౌళ్లు. వోల్టేజీ చూస్తే చాలు, హిసాబ్ తేలిపోతుంది. కావలసినంత చేరగానే మెషీన్ నింపడం ఆపేస్తుంది. దారిలో ఉన్న తీగచుట్ట ఆ శక్తిని ఒక్కసారిగా విరుచుకుపడనీయక కొన్ని మిల్లీసెకన్ల పాటు సాగదీస్తుంది.

నాకు బాగా నచ్చింది హిఫాజత్ ఏర్పాటు. కెపాసిటర్‌కీ పేషెంటుకీ మధ్య రిలే తెరిచే ఉంటుంది. చేతిలో పట్టే రెండు ప్యాడిళ్ల మీదున్న రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే తప్ప అది మూసుకోదు. ఒక చెయ్యి పొరపాటున తగిలితే ఏమీ కాదు. ఛార్జ్ చేశాక అవసరం తీరిపోయిందనుకోండి, కాసేపట్లో మెషీనే ఆ శక్తిని లోపలి రెసిస్టర్‌లోకి మళ్లించి వేడిగా ఖర్చు చేసేస్తుంది. పరాయి అమానత్‌లా చూసుకుంటుందన్నమాట! నేటి మెషీన్లు షాక్ మధ్యలో కరెంటు దిశను తిప్పుతాయి. ఒకప్పుడు 360 జౌళ్ల దాకా వెళ్లేచోట 120 నుంచి 200తో పని జరుగుతోంది.

నింపుకుని పెట్టుకోగలిగాక గోడతో పనేముంది? 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్సులోకి ఎక్కించాడు. బరువు దాదాపు 70 కిలోలు. కొన్నేళ్లకే అది నాలుగు కిలోల లోపుకు దిగింది.