ఎరిక్ వీషౌస్

ఎరిక్ వీషౌస్ (జననం: 1947 జూన్ 8) అమెరికాకు చెందిన జీవశాస్త్ర ఆచార్యుడు. ఒకే కణమైన అండం నుండి పూర్తి శరీరం రూపుదిద్దుకోవడంలో జన్యువుల పాత్రను కనుగొన్నందుకు 1995లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్, ఎడ్వర్డ్ లూయిస్‌లతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు.

బాల్యం, విద్య

ఈయన ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్‌లో జన్మించి, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. బాల్యంలో చిత్రకారుడు కావాలని ఆశించాడు. 1969లో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1974లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకున్నాడు. వాల్టర్ గేరింగ్ శిష్యుడిగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పరిశోధన చేస్తున్న కాలంలో ఈయనకు న్యూస్లైన్-ఫోల్హార్డ్‌తో పరిచయమైంది.

హైడెల్‌బర్గ్ పరిశోధన

1978లో వీరిద్దరూ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో చేరారు. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ పిండం ఒక్కరోజులోనే డింభకంగా మారుతుంది. ఆ డింభక శరీరం ఖండితాలుగా విభజింపబడి ఉంటుంది. ఈ విభజనను శాసించే జన్యువులు ఏవి అన్నదే వీరి ప్రశ్న. మగ ఈగలకు రసాయనం ఇచ్చి ఉత్పరివర్తనాలు కలిగించారు. లోపమున్న జన్యువు ఒకే ప్రతిగా ఉంటే రెండవ ప్రతి దానిని కప్పివేస్తుంది. అందువల్ల రెండు ప్రతులూ చెడిన పిండాలు లభించేవరకు కొన్ని తరాలపాటు సంకరణం జరిపారు. అలా మరణించిన వేలాది పిండాలను, ఇద్దరూ ఒకేసారి చూడగల సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. ఏ భాగం లోపించిందో తెలిస్తే, ఆ జన్యువు చేసే పని తెలుస్తుంది.

1980లో నేచర్ పత్రికలో 15 జన్యువులను మూడు తరగతులుగా వర్గీకరించి ప్రకటించారు. మొదటి తరగతి లోపిస్తే వరుసగా కొన్ని ఖండితాలు మాయమవుతాయి. రెండవది లోపిస్తే ఖండితం విడిచి ఖండితంలో భాగాలు పోతాయి. మూడవది లోపిస్తే ప్రతి ఖండితంలోనూ కొంత భాగం పోయి, మిగిలినది తలక్రిందులుగా పునరావృతమవుతుంది. అంటే పిండం మొదట స్థూలంగాను, పిదప సూక్ష్మంగాను విభజింపబడుతుందన్నమాట.

బోధన, తదుపరి కృషి

1981లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. పరిశోధకులకు మార్గదర్శకత్వం వహిస్తూనే పట్టపూర్వ విద్యార్థులకు కూడా పాఠాలు చెప్పాడు. పిండంలోని కణాలు తమ ఆకృతిని మార్చుకొని లోపలికి ముడుచుకునే ప్రక్రియపై ఆయన ప్రయోగశాల విశేష కృషి చేసింది. ఈయన భార్య ట్రూడి షూప్‌బాఖ్ కూడా డ్రోసోఫిలా శాస్త్రవేత్తే.

ప్రాముఖ్యం

ఈగలో కనుగొన్న ఈ జన్యువులలో అనేకం మానవునిలోను ఉన్నాయి. హైడెల్‌బర్గ్‌లో బయటపడిన హెడ్జ్‌హాగ్ జన్యువుకు చెందిన సంకేత మార్గం అదుపు తప్పితే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరు వస్తుంది. ఆ మార్గాన్ని అడ్డగించే విస్మోడెగిబ్ అనే ఔషధానికి 2012లో అమెరికాలో అనుమతి లభించింది. తక్షణ ప్రయోజనాన్ని ఆశించక ఈగ డింభకంపై సాగిన పరిశోధన మూడు దశాబ్దాల తరువాత రోగులకు ఉపయోగపడింది.