పాల డెయిరీ తుక్కులోంచి పుట్టిన బీరు

ఈ రోజు కథ బీరు గురించి. కానీ తాగడం గురించి కాదు, సామాన్ల గురించి. ముందే రెండు మాటలు చెప్పేస్తాను. ఒకటి, ఇది చరిత్ర ఎపిసోడ్. ఇంట్లో ట్రై చేయండని చెప్పడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేస్తే ఎక్సైజ్ చట్టం కింద కేసే. రెండు, వయసు రాని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కథలో ఇంజనీరింగ్ తీసుకోండి, మిగతాది వదిలేయండి. సరే, కథలోకి వెళ్దాం.

ఆ మధ్య నేను అమెరికా వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో దిగాను. గ్యారేజీ షట్టర్ ఎత్తగానే లోపల కారు లేదు. ఒక పెద్ద ఐసు డబ్బా, దానికి అడుగున ఒక ట్యాపు. పక్కన సన్నగా పొడుగ్గా నాలుగు స్టీలు డబ్బాలు. పైకప్పు నుంచి వేలాడుతున్న ఒక రాగి గొట్టం చుట్ట. "ఏందన్నా ఇది, పాత సామాన్ల కొట్టు పెట్టినవా?" అన్నాను. "కాదురా, బీరు ఫ్యాక్టరీ" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ స్టీలు డబ్బా ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీదట. ఐసు డబ్బా పిక్నిక్‌లకి తీసుకెళ్లేదట. "ఇక్కడ బీరు కాచేవాళ్లందరూ ఇట్లనే మొదలుపెట్టిన్రు. పెద్ద పెద్ద కంపెనీలు కూడా" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన కథ ఇది.

కథ అర్థం కావాలంటే బీరు ఎలా తయారవుతుందో ఒక్క నిమిషంలో చెప్పుకోవాలి. మీ ఇంట్లో రాగి మాల్ట్ తాగి ఉంటారు కదా? రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పొడి చేస్తారు. అదే పని బార్లీతో చేస్తే బీరుకి కావలసిన మాల్ట్. దాన్ని నలగ్గొట్టి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్లలో ఒక గంట ఉంచితే గింజలోని పిండి చక్కెర అవుతుంది. ఆ తియ్యని నీళ్లు వడకట్టి, హాప్స్ వేసి ఒక గంట మరిగించాలి. తర్వాత గబగబా చల్లార్చి ఈస్ట్ వేయాలి. మిగతా పని ఈస్ట్‌దే.

హాప్స్ అంటే ఒక తీగకి కాసే ఆకుపచ్చ పూలగుత్తులు. బీరుకి చేదు, వాసన వీటి వల్లే వస్తాయి. ఇంకో పని కూడా చేస్తాయి. బీరుని పులిపించి పాడుచేసే బ్యాక్టీరియా చాలావాటిని ఎదగనివ్వవు. బ్రిటిష్ వాళ్లు మన దేశానికి ఓడల్లో పంపే బీరులో హాప్స్ దట్టించేది అందుకే. నెలల తరబడి సముద్రం మీద ఎండకి, కుదుపులకి తట్టుకోవాలి మరి. ఇప్పటికీ బార్లలో ఐపీఏ అని కనిపిస్తుందే, అందులో 'ఐ' అంటే ఇండియానే.

అంటే బీరుకి ఏం కావాలి? నానబెట్టడానికి ఒక పాత్ర, మరిగించడానికి ఒకటి, చల్లార్చడానికి ఒక ఏర్పాటు, పులియబెట్టడానికి ఇంకోటి. అంతే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. ఆ పదమూడేళ్లలో వందల బ్రూవరీలు మూతపడ్డాయి. బతకడానికి కొన్ని బీరు కంపెనీలు మాల్ట్ పాకం డబ్బాలు అమ్ముకున్నాయి. పేరుకి బ్రెడ్డు, బిస్కెట్ల కోసం. జనం ఇంటికి తీసుకెళ్లి ఏం చేశారో మీరే ఊహించుకోండి. మట్టి కూజాల్లో కాచిన ఆ బీరు రుచి సంగతి పక్కన పెడితే, సీసాలు పేలేవి.

1933లో నిషేధం ఎత్తేశారు. ఇంట్లో వైన్ చేసుకోవడానికి చట్టంలో దారి దొరికింది. బీరుకి దొరకలేదు. ఇంట్లో బీరు కాయడం ఫెడరల్ చట్టం ప్రకారం ఇంకో నలభై ఐదేళ్లు నేరంగానే ఉండిపోయింది. ఈలోగా పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగేశాయి. 1970ల చివరికి అంత పెద్ద దేశంలో వందలోపు బ్రూవరీలే మిగిలాయి. అందరిదీ దాదాపు ఒకే రుచి, పల్చటి బీరు.

ఇప్పుడు మన హీరో వస్తాడు. పేరు జాక్ మెకాలిఫ్. అమెరికా నేవీలో టెక్నీషియన్. 1960లలో స్కాట్లాండ్‌లో అణు జలాంతర్గాముల రిపేర్ల దగ్గర పనిచేశాడు. అక్కడి చిక్కటి బీరు నాలుకకి పట్టేసింది. ఇంటికెళ్తే ఈ బీరు దొరకదు, మరి ఎలా? బ్రిటన్‌లో 1963 నుంచే ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. గ్లాస్గోలో ఒక మందుల షాపులో బీరు తయారీ సామాను, పుస్తకం కొనుక్కుని చేయడం మొదలుపెట్టాడు. అవునండీ, మందుల షాపులోనే.

అమెరికా వచ్చాక సొంతంగా బ్రూవరీ పెట్టాలనుకున్నాడు. మార్కెట్‌లో చూస్తే మిషన్లన్నీ కొండంత కొండంత ఉన్నాయి. పెద్ద కంపెనీలే మిగిలిన దేశంలో చిన్న మిషను ఎవరు తయారుచేస్తారు, ఎవరి కోసం తయారుచేస్తారు? అంటే చిన్న బ్రూవరీ పెట్టడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే అడ్డు కాదు. డబ్బున్నా కొనడానికి వస్తువే లేదు.

మెకాలిఫ్ ఏం చేశాడు? పాత సామాన్ల మీద పడ్డాడు. సరిగ్గా ఆ రోజుల్లో చిన్న చిన్న పాల డెయిరీలు మూతపడుతున్నాయి. పెద్ద డెయిరీలు, సూపర్‌మార్కెట్లు వచ్చాక ఇంటింటికీ సీసాల్లో పాలు పోసేవాళ్లకి గిరాకీ పోయింది. వాళ్ల స్టీలు తొట్లు, పైపులు తుక్కు ధరకి దొరుకుతున్నాయి. వాటితో పాటు కోకాకోలా పాకం నింపే 55 గ్యాలన్ల స్టీలు డ్రమ్ములు, అంటే ఒక్కోటి 200 లీటర్ల పైచిలుకు పట్టేవి. వాటిని వెల్డింగ్ చేసి, మెట్లు మెట్లుగా పేర్చాడు. పై అంతస్తు నుంచి కిందికి బీరు దానంతట అదే దిగివచ్చేలా కట్టాడు. సూజీ స్టెర్న్, జేన్ జిమ్మర్‌మన్ అనే ఇద్దరు మహిళలు పార్ట్‌నర్లు. 1976లో కాలిఫోర్నియాలోని సొనోమా దగ్గర న్యూ ఆల్బియన్ బ్రూవరీ మొదలైంది. ఇది దొంగచాటు వ్యవహారం కాదు, లైసెన్సు తీసుకున్న కంపెనీయే. నిషేధం తర్వాత అమెరికాలో ఏమీ లేని చోట కొత్తగా కట్టిన మొదటి చిన్న బ్రూవరీ అని చరిత్ర రాసేవాళ్లు దీన్నే చెబుతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పాల సామానే ఎందుకు? బోలెడు తుక్కు ఉంటుంది కదా, ఏ డ్రమ్మయినా సరిపోదా?

సరిపోదు. మన అమ్మమ్మలకి ఈ సంగతి బాగా తెలుసు. కలాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తారా? కాయరు. పులుపు లోహాన్ని తింటుంది, ఆ లోహం మన కడుపులోకి పోతుంది. బీరు కూడా పుల్లని పదార్థమే. జింకు పూత పూసిన బకెట్‌లో పెడితే ఆ పూత కరిగి బీరులోకి దిగుతుంది. ఇక కెమికల్స్ నింపిన డ్రమ్ము ఎంత కడిగినా పనికిరాదు. పాలకీ బీరుకీ శత్రువు ఒకడే, బ్యాక్టీరియా. అందుకే డెయిరీ తొట్టి లోపల గీత కూడా లేకుండా నున్నగా ఉంటుంది. పైపులు విప్పి కడుక్కోవచ్చు. కొన్నిటికి చల్లటి నీళ్లు తిరగడానికి చుట్టూ రెండో గోడ కూడా ఉంటుంది. పాల కోసం ఎవరో ఎప్పుడో పడ్డ జాగ్రత్త బీరుకి తేరగా దొరికింది. తుక్కు ఏరడమంటే చవకది ఏరడం కాదు, దాని పాత జీవితం ఏమిటో తెలుసుకుని ఏరడం.

బీరు బాగుంది, పేపర్లలో రాశారు, దూరాల నుంచి జనం చూడ్డానికి వచ్చారు. అయినా 1982లో న్యూ ఆల్బియన్ మూతపడింది.

కారణం ఆ డ్రమ్ముల్లోనే ఉంది. ఒక్కసారి కాస్తే వచ్చేది ఒకటిన్నర బ్యారెల్, సుమారు 175 లీటర్లు. మన 650 మి.లీ. సీసాల్లో లెక్కేస్తే 270 సీసాలు. దానికే రోజంతా చాకిరీ. నానబెట్టాలి, మరిగించాలి, కడగాలి. 270 సీసాలకైనా, రెండు వేల సీసాలకైనా టైమ్ దాదాపు అంతే పడుతుంది. వాళ్లు రాత్రింబవళ్లు పనిచేశారు, లాభం మాత్రం కనపడలేదు. పెద్ద సామాను కొందామంటే అప్పు పుట్టలేదు. అప్పటికి అమెరికా బ్యాంకుల్లో వడ్డీలు 20 శాతం దాకా ఎగబాకాయి. చిన్న బ్రూవరీ అనే మాటే ఎవరూ వినని రోజుల్లో ఏ బ్యాంకు మేనేజరు సంతకం పెడతాడు?

ఇప్పుడు రెండో మనిషి. కెన్ గ్రాస్‌మన్. కాలిఫోర్నియాలోనే చీకో అనే ఊళ్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకి సామాన్లు అమ్మే చిన్న కొట్టు పెట్టాడు. అదీ 1976లోనే. అతను న్యూ ఆల్బియన్ వెళ్లి చూశాడు. అబ్బో అనుకున్నాడు, కానీ లెక్క కూడా వేసుకున్నాడు. ఈ సైజులో బతకడం కష్టమని అతనికి అర్థమైంది. తనూ డెయిరీ తుక్కే ఏరాడు, తనే వెల్డింగ్ చేశాడు. కాకపోతే ఒక్కసారికి పది బ్యారెళ్లు వచ్చేలా కట్టాడు, అంటే దాదాపు 1,170 లీటర్లు. పాల్ కముసి అనే మిత్రుడితో కలిసి 1980 నవంబరులో మొదటి బ్యాచ్ కాచాడు. ఆ కంపెనీ పేరు సియెర్రా నెవాడా. బీరు లవర్స్ అయితే పేరు విని ఉంటారు.

హాప్స్ ఎక్కడ దొరికాయి? అవి కూడా ఒకరకంగా మిగులే. యకీమా లోయలో హాప్స్ వ్యాపారులు పెద్ద కంపెనీలకి చూపించడానికి బేళ్లలోంచి చిన్న చిన్న శాంపిల్ ముక్కలు కోస్తారు. గ్రాస్‌మన్ అంతదూరం బండి వేసుకుని వెళ్లి ఆ శాంపిళ్లు తెచ్చుకునేవాడు. అందరికీ ఒకే పల్చటి బీరు అలవాటైన ఆ రోజుల్లో అతను కాస్కేడ్ అనే రకాన్ని దట్టించాడు. 1972లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు విడుదల చేసిన రకం అది. దాని వాసన మన పంపర పనస తొక్క వలిచినప్పుడు వస్తుందే, అలా ఉంటుంది. ఆ వాసన కుదిరేదాకా మొదట్లో బ్యాచ్‌లకి బ్యాచ్‌లే పారబోశాడు. చేతిలో డబ్బు లేనివాడు వెయ్యి లీటర్ల చొప్పున డ్రైనేజీలో పోయడం అంటే ఎంత గుండె ఉండాలో ఆలోచించండి.

ఈ మధ్యలో చట్టం కూడా మారింది. 1978 అక్టోబరు 14న ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం పెట్టాడు. ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. 1979 ఫిబ్రవరి నుంచి అమలు. కొన్ని రాష్ట్రాలు మాత్రం చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. చివరి రెండు, అలబామా, మిసిసిపీ, 2013లో గానీ దిగిరాలేదు.

మా అన్నయ్య గ్యారేజీలోని స్టీలు డబ్బాల సంగతి కూడా చెప్పేస్తాను. కూల్‌డ్రింక్ కంపెనీలు పాకాన్ని ఆ డబ్బాల్లో హోటళ్లకి పంపేవి. ఒక్కోటి 19 లీటర్లు. తర్వాత అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి పెట్టే పద్ధతి వచ్చింది. డబ్బాలు వేలకొద్దీ తుక్కుకి పోయాయి, ఇంట్లో బీరు కాచేవాళ్లు ఎగబడి కొన్నారు. వెతికితే ప్రతి మలుపులోనూ ఇదే కనిపిస్తుంది. ఒకచోట ఏదో మూతపడుతుంది, దాని సామాను ఇంకోచోట తలుపు తెరుస్తుంది. గ్రాస్‌మన్ పెద్దవాడయ్యాక కూడా అదే దారి. జర్మనీలో మూతపడ్డ ఒక పాత బ్రూవరీ రాగి బాయిలర్లు కొని, ఓడలో తెచ్చుకుని చీకోలో నిలబెట్టాడు.

మరి మెకాలిఫ్? అతని సామాను కూడా తుక్కులోకి పోలేదు. హాప్‌లాండ్ అనే ఊళ్లో 1983లో మొదలైన ఇంకో చిన్న బ్రూవరీకి చేరింది. ఒకప్పుడు హాప్స్ తోటల వల్లే ఆ ఊరికి ఆ పేరు. ఇప్పుడు అమెరికాలో తొమ్మిది వేలకి పైగా బ్రూవరీలున్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత, 2013లో, ఒక పెద్ద కంపెనీ అతన్ని పిలిచి న్యూ ఆల్బియన్ బీరుని మళ్లీ కాచి, లాభాలు అతనికే ఇచ్చింది.

ఈ కథ నాకెందుకు అంత పట్టిందో చెప్పి ముగిస్తాను. బాలానగర్‌లో మా నాన్నకి చిన్న లేత్ షెడ్డు ఉండేది. అది మూసేసిన రోజు తుక్కు కొనేవాళ్లు వచ్చారు. కాటా మీద పెట్టి కిలోకి ఇంత అన్నారు. నాన్న "అది ఇంకా తిరుగుతదయ్యా, ఒక్కసారి ఆన్ చేసి చూడు" అన్నారు. ఎవరూ చూడలేదు. నేను కూడా డబ్బులు లెక్కపెట్టుకునే పనిలో ఉన్నాను.

మెకాలిఫ్ ఓడిపోయాడని చాలామంది అంటారు. లెక్కలో ఓడిపోయాడు, నిజమే. చేతికి దొరికిన తుక్కు సైజే తన వ్యాపారం సైజు అయిపోయింది, అదే ముంచింది. ఆ తప్పు చూసి నేర్చుకున్నవాడు నిలబడ్డాడు. కానీ మూతపడ్డ డెయిరీ గుమ్మంలో నిలబడి, ఇది ఎన్ని కిలోలు అని అడగకుండా, ఇది ఇంకా ఏం చేయగలదు అని మొదట అడిగినవాడు మాత్రం అతనే.

మీ ఊళ్లో కూడా ఏదో ఒక మిల్లో, షెడ్డో మూతపడే ఉంటుంది. కాటా వచ్చేలోపు ఒక్కసారి వెళ్లి ఆన్ చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.