సీసపు ముద్రలపై సుంకరుల ప్రార్థన

సుంకరి అనగానే మనకు యెరికో జక్కయ్య జ్ఞాపకము వచ్చును. క్రైస్తవ చక్రవర్తులు ఏలిన బైజాంటైన్ సామ్రాజ్యములో పన్ను వసూలు చేసినవారు చాలమట్టుకు బాప్తిస్మము పొందినవారే. వారి లెక్కల పుస్తకములు దాదాపుగా నశించినవి గాని, పత్రములకు వారు వేసిన సీసపు ముద్రలు నిలిచినవి. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థలోనే అన్ని తరగతుల ముద్రలు కలిపి సుమారు 17,000 ఉన్నవి.

గుండ్రని సీసపు బిళ్లలో సన్నని రంధ్రముండును. పత్రమును కట్టిన దారమును అందులో దూర్చి, పటకారు వంటి ఇనుప సాధనముతో బిళ్లను నొక్కేవారు. దారము బిగిసి, రెండు ముఖములమీదను అక్షరములు పడేవి. పోపుల శాసనమునకు ‘బుల్’ అను పేరు ఇట్టి సీసపు ముద్ర వలననే వచ్చినది.

8, 9 శతాబ్దములలో రాష్ట్రపు పన్ను అధికారిని ‘డియోకీటీస్’ అనేవారు. అతని ముద్రకు ఒకవైపు పేరు, హోదా, రాష్ట్రము ఉండును. రెండవ వైపున సిలువ ఆకారములో అల్లిన అక్షరములలో, ప్రభువునో దేవుని తల్లినో సంబోధించి, నీ దాసునికి సహాయము చేయుమను ప్రార్థన ఉండును. ప్రతిమల వివాద కాలములో ముద్రలనుండి మరియ రూపము తొలగినది గాని ఆమెకు చేయు మనవి తొలగలేదు. ప్రతిమలను కాదన్నవారు మరియను కూడ కాదన్నారని తలంచే విద్యార్థులు దీనిని గమనించవలెను. 843లో ప్రతిమారాధన పునరుద్ధరింపబడిన పిమ్మట రూపములు కూడ తిరిగి వచ్చినవి.

అన్ని ముద్రలును ఇంత నెమ్మదిగా చదువదగినవి కావు. రెండవ జస్టీనియన్ కాలములో, 694–695 సంవత్సరమునకు చెందిన కొన్ని ముద్రలు జార్జి అను అధికారివి. వాటిపై చక్రవర్తి ప్రతిమతోపాటు, ఆసియా మైనరు రాష్ట్రముల పేళ్లు, ‘స్లావు బానిసలు’ అను మాట ఉన్నవి. వారిని అమ్మిరా, వేరొక పనికి పంపిరా అనుదానిలో పండితులకు ఏకాభిప్రాయము లేదు. బంగారు నాణెముపై క్రీస్తు ముఖమును మొదట ముద్రింపించినవాడు ఈ జస్టీనియనే.

ఇదంతయు వేషధారణ అని కొట్టివేయుట తేలిక. పాఠము చెప్పునప్పుడు నేనును ఒకప్పుడు అట్లే అంటిని. అయితే ఆ ప్రార్థన అందరును వాడిన వాడుక మాట. అది ఒకని భక్తికి రుజువు కాదు, కపటమునకును రుజువు కాదు. ఆ ముద్ర కట్టిన పత్రము పల్లెకు చేరినప్పుడు ఏమి జరిగెనో సీసము చెప్పదు. అందుకు ఉత్తరములు వెదకవలెను. 11వ శతాబ్దాంతమున ఓహ్రిడ్ ఆర్చిబిషప్పుగా నుండిన థియోఫిలాక్టు మనకు సువార్తల వ్యాఖ్యాతగా తెలిసినవాడే. పన్ను వసూలుదారులు సంఘ భూములమీద, వాటిని దున్ను రైతులమీద చేయు ఒత్తిడిని గూర్చి అతడు రాజధానిలోని పెద్దలకు పదేపదే మొరపెట్టుకొనెను. అతడును భూములు గల సంఘమునకు అధిపతియే గనుక, అతని మాటను కూడ ఒక పక్షము మాటగానే తూచవలెను. రైతు తన నోట చెప్పుకొన్న మాట ఆ ఉత్తరములలో లేదు.

బిషప్పులును తమ పత్రములకు సీసపు ముద్రలే వేసేవారు. వాటిమీదను అదే ప్రార్థన. పేరు, పదవి అరిగిపోయిన బిళ్ల చేతికి వచ్చినచో, అది సుంకరిదో కాపరిదో చెప్పుట సాధ్యము కాదు.