వీధి చివర కుళాయి

ఏలూరు పురపాలక సంఘం ఏర్పడి నూట అరవై ఏళ్ళు నిండాయి, ఆరోగ్య విభాగం ముచ్చట్లు నాలుగు పేజీలు రాసివ్వండి అని సంచిక కమిటీ వారు ఇంటికొచ్చి అడిగారు. రిటైరై ఇంట్లో కూర్చున్న శానిటరీ ఇన్‌స్పెక్టరుని, వెంటనే ఒప్పేసుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది ఇబ్బంది. వంతెన కడితే శిలాఫలకం ఉంటుంది, పార్కు కడితే రిబ్బను కత్తిరించిన ఫొటో ఉంటుంది. మురుగుకాలువలో పూడిక తీసినందుకు ఏ ఫొటో దొరుకుతుంది?

సంఘం పుట్టింది 1866లో. కృష్ణ కాలువ, గోదావరి కాలువ వచ్చి కలిసే ఊరు కాబట్టి అప్పట్లో నీళ్ళకి కొదవ లేదు. ఆ నీళ్ళని ఎలా తాగాలన్నదే బాధ. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు జిల్లా కేంద్రమైంది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. తాగునీరు, మురుగు, అంటువ్యాధుల మీద హెల్త్ ఆఫీసరు చేతికి అధికారం ఇచ్చిన చట్టం అది. మధ్యలో యుద్ధం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, ఊరు పెరిగింది. ఆ ఏళ్ళని ఈ ఒక్క వాక్యంతో దాటేస్తున్నందుకు పెద్దలు క్షమించాలి.

ఇక నాకు బాగా తెలిసిన మనిషి సంగతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మాకు హెల్త్ ఆఫీసరుగా ఉన్నాయన. పేరు రాయొద్దని ఆయన ఇంట్లోవాళ్ళు కోరారు కాబట్టి డాక్టరు గారు అనే అంటాను. తెల్ల చొక్కా, సైకిలు, చొక్కా జేబులో గాజు గొట్టం. ఆ గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసేవారు. పసుపు రంగు తేలితే నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే ఆ వీధికి ఆ రోజు గండమే. మొదటి రోజు నేను ట్యాంకు దగ్గరే పరీక్ష చేసి రిజిస్టరులో రాసేశాను. ఆయన చూసి, "ట్యాంకు దగ్గర నీళ్ళు ఎప్పుడూ బాగానే ఉంటాయయ్యా, వీధి చివర కుళాయి దగ్గరికి పద" అన్నారు. అక్కడ గొట్టం తెల్లగానే ఉండిపోయింది. దారిలో ఎక్కడో పైపు పగిలి మురుగులో నానుతోంది. బ్లీచింగ్ బస్తా చెమ్మకి పాడైతే సగం సత్తువ పోతుందనీ, బస్తాల లెక్క చూసి సంతోషపడొద్దనీ ఆయన చెప్పాకే నాకు తెలిసింది.

బోదకాలు పని మరో కథ. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం కింద మన గోదావరి జిల్లాల్లో రాత్రి సర్వేలు జరిగేవి. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు రక్తంలో సరిగ్గా కనబడవు, రాత్రయ్యాకే పైకి తేలతాయి. అందుకని రాత్రి ఎనిమిది దాటాక లాంతరు, సూది, గాజు పలకలు పట్టుకుని తలుపులు కొట్టేవాళ్ళం. "నిద్దట్లో కూడా వదలరా బాబూ" అని తిట్టినవాళ్ళు తిట్టారు, మజ్జిగ ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. దోమ మాత్రం మన ఇంటి ముందు మురుగులోనే పుట్టేది. గంబూసియా చేపలు వదిలాం, మందు చల్లాం, మాత్రలు కళ్ళెదుటే మింగించాం.

తాడేపల్లిగూడెంలో పనిచేసిన మిత్రులకి ఉల్లి మార్కెట్టు తలనొప్పి. వానాకాలం కుళ్ళిన ఉల్లి కుప్పలు ఎత్తించడానికి బండి దొరికేది కాదు. కొల్లేరు లంకల సంగతి ఇంకా చిత్రం. ఒకప్పుడు సరస్సు నీళ్ళే తాగిన ఊళ్ళు ఇప్పుడు క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నాయి. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిందంతా, మన ఊరి మురుగుతో సహా, కొల్లేట్లోకే చేరుతుంది. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తవ్వేశారు. తాగే నీరు మాత్రం బాగుపడలేదు.

2020 డిసెంబరు 5ని ఏలూరు మరిచిపోదు. ఆ వింత జబ్బు వన్ టౌన్లో మొదలైంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మూర్ఛతో పడిపోవడం, నోట్లో నురగ, వాంతులు, తలనొప్పి. కరోనా అని భయపడితే పరీక్షల్లో అది కాదని తేలింది. ఒకరి నుంచి ఒకరికి అంటిన జాడ లేదు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకున్నారు. వారం రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఒక ప్రాణం పోయింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపా తిరిగారు. నీళ్ళు, పాలు, బియ్యం, కూరలు, రక్తం, దేన్నీ వదలకుండా నమూనాలు తీశారు. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందరూ వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగు మందుల అవశేషాలన్నారు. అవి ఏ దారిన ఒంట్లోకి వచ్చాయన్నది మాత్రం జనం మనసుకి పట్టేలా ఎవరూ చెప్పలేదు. మునిసిపల్ కుళాయి నీళ్ళు తాగనివాళ్ళూ పడిపోయారు కాబట్టి అంతా నీళ్ళ మీదకి నెట్టేయడానికీ వీల్లేకపోయింది. మా బంధువుల పిల్లాడు రెండో రోజు పడిపోయి సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. "నాకేమైంది తాతయ్యా?" అని ఇప్పటికీ అడుగుతాడు. ముప్పై ఏళ్ళు ఈ పనే చేసినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

డాక్టరు గారు ఉండుంటే గాజు గొట్టంతో బయల్దేరేవారేమో అనుకున్నాను. పురుగు మందుకి ఆ గొట్టంలో రంగు తేలదు. దానికి ప్రయోగశాల కావాలి. నమూనా ఊరు దాటి వెళ్ళి ఫలితం తిరిగొచ్చేసరికి తిన్న కూర అరిగిపోతుంది.

ఒక సంగతి కడుపులో దాచుకోలేను. నేను పనిచేసిన ఒక ఊళ్ళో, పేరు చెప్పను, మంచినీటి పైపు మురుగుకాలువ అడుగునుంచి పోతోందని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ 'ఫైలు చేయబడినది' అని వచ్చింది. ఊళ్ళో కామెర్లు వచ్చాక పైపు మార్చారు. నా ఉత్తరాల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ సంచికకి విరాళాలిచ్చిన దాతలందరికీ నమస్కారాలు. వారి పేర్లు ముందు పేజీల్లో వివరంగా ఉన్నాయి. నా వైపు నుంచి మేస్త్రీలు, పారిశుద్ధ్య కార్మికులు, మలేరియా వర్కర్లు, రాత్రి సర్వే ఫీల్డు వాళ్ళు, పంపు ఆపరేటర్లు, వాల్వు తిప్పేవాళ్ళు, టీకాల నర్సమ్మలు, వీళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు రాసిచ్చాను. వీళ్ళలో చాలామంది పర్మినెంటు మాట వినకుండానే వెళ్ళిపోయారు. చోటు చాలదు మాస్టారూ, 'ఆరోగ్య సిబ్బంది' అని ఒక్క మాట వేద్దాం అన్నారు కమిటీ వారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. జాబితా నా దగ్గరే ఉంది, రెండు అరఠావులు, రెండు వైపులా రాసి.