రెండు తెరల కథ: సిమ్యులేటర్ పక్కన చార్ట్ ఎందుకు? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

పోయిన ఎపిసోడ్‌లో నా ఫ్లైట్ సిమ్యులేటర్ సెటప్ చూపించాక చాలామంది ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. "అన్నా, గేమ్‌లోనే మ్యాప్ ఉంది. విమానం ఎక్కడుందో బొమ్మ పెట్టి మరీ చూపిస్తుంది. మళ్లీ పక్కన స్టాండ్‌కి ఫోన్ తగిలించి అందులో చార్ట్ ఎందుకు? బిల్డప్పా?"

బిల్డప్ కొంచెం ఉంది, కాదనను. కానీ అసలు ముచ్చట వేరే ఉంది. ఒక తెర మీద విమానం, ఇంకో తెర మీద చార్ట్ అనే పద్ధతి గేమర్లు కనిపెట్టింది కాదు. దానికి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ప్రాణాలు పోయాయి. ఇవాళ ఆ కథే చెప్తాను.

ముందు చిన్న క్లారిటీ. మ్యాప్ వేరు, చార్ట్ వేరు. మ్యాప్ ఏది ఎక్కడుందో చెప్తుంది. చార్ట్ నువ్వేం చెయ్యాలో చెప్తుంది. రన్‌వేకి ఇంత దూరంలో ఉన్నప్పుడు ఇంత ఎత్తులో ఉండు, ఈ గుట్ట దాటేదాకా ఇంతకన్నా కిందికి దిగకు, ఈ ఎత్తుకొచ్చినా రన్‌వే కనపడకపోతే ఇటు తిరిగి పైకెళ్లిపో. ఇదంతా ఒక్క పేజీలో ఉంటుంది. మబ్బులో ఉన్న పైలట్‌కి కిటికీ లేనట్టే లెక్క. ఆ పేజీయే కిటికీ.

ఇప్పుడు 1934కి పోదాం. అమెరికాలో విమానాల్లో ఉత్తరాలు మోసే పనిని ప్రైవేటు కంపెనీల నుంచి తీసేసి, ఫిబ్రవరిలో ఆర్మీకి అప్పజెప్పారు. చలికాలం, మంచు, పొగమంచు. ఆర్మీ పైలట్లకి బయట చూసి నడపడం బాగా వచ్చు. మబ్బులో కేవలం మీటర్లు చూసి నడపడం అంతగా అలవాటు లేదు. కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. పెద్ద లొల్లి అయింది.

ఇక్కడ ఎడ్విన్ లింక్ అనే ఆయన వస్తాడు. వాళ్ల నాన్నది బింగ్‌హామ్‌టన్ అనే ఊర్లో పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. లింక్‌కి విమానం పిచ్చి, కానీ క్లాసులకి బోలెడు ఖర్చు. అందుకని ఆర్గాన్‌లో గాలి ఊదే తిత్తులు, పంపులు తీసుకుని ఫ్యాక్టరీ బేస్‌మెంట్‌లో ఒక చిన్న డబ్బా విమానం చేశాడు. స్టిక్ ఎటు లాగితే అటు వంగుతుంది, తిరుగుతుంది. 1929 నాటికి అది సిద్ధం. ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. కొన్నాళ్లు ఎగ్జిబిషన్లలో, మన నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినట్టు, జనం డబ్బులిచ్చి ఎక్కేవాళ్లు. అంటే సిమ్యులేటర్ మొదట్లో గేమే. మీ అమ్మ "ఆ గేమ్ బంద్ చెయ్" అన్నప్పుడు ఈ పాయింట్ వాడుకోవచ్చు, పని చేస్తుందని గ్యారంటీ లేదు.

1934లో అంతమంది పోయాక ఆర్మీ ఆఫీసర్లు లింక్‌ని పిలిచారు. ఆ రోజు వాతావరణం దారుణంగా ఉంది. ఇంక ఇవాళ ఎవడొస్తాడులే అనుకుంటుంటే, ఆ పొగమంచులోనే మీటర్లు చూసుకుంటూ లింక్ విమానం దింపాడు. ఇంక డెమో అవసరం లేకపోయింది. ఆ జూన్‌లో 6 ట్రైనర్లు కొన్నారు, ఒక్కోటి 3,500 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి దాని మీద నేర్చుకున్న పైలట్లు 5 లక్షలకు పైనే.

ఇప్పుడు మన టాపిక్‌కి గుండెకాయ లాంటి విషయం. లింక్ ట్రైనర్‌లో కూర్చున్న స్టూడెంట్ మీద మూత వేసేస్తారు. లోపల మీటర్లు తప్ప ఏమీ కనపడదు. కాస్త దూరంలో ఒక టేబుల్, దాని మీద పెద్ద చార్ట్, దాని ముందు ఇన్‌స్ట్రక్టర్. ఆ చార్ట్ మీద మూడు చక్రాల బుల్లి బండి ఒకటి పాకుతూ ఉంటుంది. డబ్బాలో స్టూడెంట్ ఎటు తిప్పితే అది అటు పోతుంది, పోయిన దారంతా ఇంకుతో గీత గీస్తుంది. దాన్ని క్రాబ్ అనేవాళ్లు, అంటే మన ఎండ్రకాయ. క్లాస్ అయిపోయాక మూత తీసి స్టూడెంట్‌ని టేబుల్ దగ్గరికి పిలుస్తారు. "నువ్వు ఎక్కడున్నాననుకున్నావ్? నిజంగా ఎక్కడున్నావో చూడు." ఆ రెండింటి మధ్య గ్యాప్ ఎంతో అక్కడ ఇంకుతో గీసి ఉంటుంది.

గమనించారా? డబ్బాలో ఎండ్రకాయ లేదు, కావాలనే బయట పెట్టారు. ఎందుకంటే పైలట్ తలలో మ్యాప్ తయారవ్వాలి. ఇవాళ పెద్ద సిమ్యులేటర్లలో కూడా పైలట్ల వెనక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని, తన తెర మీద విమానం పోయిన గీత చూస్తాడు. మన హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో శిక్షణ అయిన పైలట్లందరూ ఆ గీత ముందు నిలబడి సమాధానం చెప్పుకున్నవాళ్లే.

అదే 1934లో ఇంకో మనిషి ఇంకో బేస్‌మెంట్‌లో చార్టుల వ్యాపారం మొదలుపెట్టాడు. పేరు ఎల్రే జెప్పెసన్. ఉత్తరాలు మోసే పైలట్టే. తోటి పైలట్లు కొండలకు గుద్దుకుని పోతుంటే చూసి, 10 సెంట్లకి ఒక నల్ల నోట్‌బుక్ కొన్నాడు. ఏ మైదానం ఎంత పొడుగు, దాని పక్కన వైర్లున్నాయా, చెట్లున్నాయా, ఏ రైతుకి ఫోన్ చేస్తే అక్కడి వాతావరణం చెప్తాడు, అన్నీ రాసుకున్నాడు. సెలవు రోజుల్లో ఎత్తు కొలిచే మీటర్ పట్టుకుని కొండలెక్కి కొలిచేవాడు. మిగతా పైలట్లు కాపీ అడగడం మొదలయ్యాక, కాపీ 10 డాలర్లకి అమ్మాడు. ఈరోజు మనం సిమ్యులేటర్ పక్కన పెట్టుకునే చార్ట్ యాప్‌లలో పేరున్నవి ఆ కంపెనీ చార్టులే ఇస్తాయి. అంటే సిమ్యులేటర్, చార్ట్ రెండూ ఒకే ఏడాది, ఒకే ఉత్తరాల గొడవలోంచి వ్యాపారాలయ్యాయి. వేరు వేరు ఇళ్లలో పుట్టిన కవలలు అనుకోండి.

మన దగ్గర అప్పుడేం జరుగుతోంది? 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఉత్తరాలు తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకి తీసుకెళ్లాడు. విమానంలో రేడియో కూడా లేదు. యుద్ధకాలంలో బేగంపేటలో కొత్త పైలట్లకు టైగర్ మాత్ విమానాల మీద తొలి పాఠాలు చెప్పే స్కూల్ నడిచింది. 1945లో నిజాం ప్రభుత్వం డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. 1953లో జాతీయం చేసేదాకా అది డకోటాలు నడిపింది.

మాది నాచారం. 2008 మార్చి దాకా బేగంపేటలో దిగే విమానాలు మౌలాలి గుట్ట వైపు నుంచి కిందికి కనపడేవి. మా వయసు వాళ్లకి డాబా మీద పతంగి ఎంత గుర్తో అదీ అంతే. ఆ నెలలో శంషాబాద్ తెరిచారు, మా ఆకాశం ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు ఒక ప్రయోగం. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఎక్స్ 2006లో వచ్చింది. పాత ల్యాప్‌టాప్‌లలో ఇప్పటికీ చాలామంది ఆడతారు. దాని ప్రపంచం 2006 దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్ అంటే దానికి బేగంపేటే. పక్కన ఫోన్‌లో ఇవాళ్టి హైదరాబాద్ చార్ట్ తెరిస్తే అది శంషాబాద్‌ది. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగులు. శంషాబాద్ సుమారు 2,020 అడుగులు. ఒకే ఊరు, 280 అడుగుల తేడా. ఒకదాని చార్ట్ పెట్టుకుని ఇంకోదాంట్లో మబ్బులోంచి దిగితే, ఇంకా ఆకాశంలో ఉన్నాం అనుకున్న చోట నేల తగులుతుంది. గేమ్‌లో అయితే రీస్టార్ట్ నొక్కుతాం.

అందుకే నిజం చార్టులకు గడువుంటుంది. ప్రపంచమంతా 28 రోజుల చక్రం ఒకటి నడుస్తుంది. మార్పులన్నీ ఆ తేదీల ప్రకారమే అమల్లోకి వస్తాయి. మారేవి బిల్డింగులు, టవర్లే కాదు. ఉత్తరం కూడా మారుతుంది! దిక్సూచి చూపించే ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావు, ఆ తేడా ఏటేటా కొంచెం జరుగుతుంది. రన్‌వే మీద రాసే 09, 27 అంకెలు దిక్సూచి లెక్కే. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ గోడ పక్కనుంచి మెట్రోలో రోజూ పోతుంటాం కదా, భూమి అయస్కాంతాన్ని కొలిచే అబ్జర్వేటరీ వాళ్లదే.

ఇంకొంచెం ముందుకెళ్తే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా క్యాంపస్. వాళ్ల పాత మ్యాపులు ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి. భూమి ఆకారం ఇదీ అని జార్జ్ ఎవరెస్ట్ 1830లో తేల్చిన కొలత అది. జీపీఎస్ వాడేది వేరే లెక్క. అదే అక్షాంశం, అదే రేఖాంశం రెండు లెక్కల్లో పెడితే మన దగ్గర చుక్క వంద మీటర్లు దాటి జరుగుతుంది. వంద మీటర్లంటే రన్‌వే వెడల్పుకి డబుల్. అందుకే 1998 జనవరి 1 నుంచి విమానయానం మొత్తం జీపీఎస్ లెక్కకే మారాలని అంతర్జాతీయంగా నిర్ణయించారు.

ఇప్పుడు సీరియస్ పార్ట్. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకు ఒక మంత్రం ఉండేది: సింగిల్ సోర్స్ ఆఫ్ ట్రూత్. నిజం ఒక్క చోటే ఉండాలి, రెండు చోట్ల పెడితే కొట్టుకుంటాయి. విమానాల చరిత్ర చదివాక నాకు అది తిరగబడింది. అక్కడ నిజం రెండు చోట్ల ఉండాలి, ఎప్పుడు కొట్టుకుంటున్నాయో తెలియడానికి.

1979 నవంబర్ 28. ఎయిర్ న్యూజిలాండ్ డీసీ-10, అంటార్కిటికా చూపించి తిరిగి తెచ్చే టూరిస్ట్ ఫ్లైట్. 257 మంది. 19 రోజుల ముందు బ్రీఫింగ్‌లో చూపించిన దారి సముద్రం మీదుగా పోతుంది. కెప్టెన్ జిమ్ కాలిన్స్ ముందురోజు రాత్రి ఇంట్లో అట్లాస్ ముందేసుకుని ఆ దారి గీసుకున్నాడు. పద్ధతి గల మనిషి. కానీ ఆ దారిలో ఒక రేఖాంశం ఎప్పుడో తప్పు పడి అలాగే నడుస్తోంది. గ్రౌండ్‌లో వాళ్లు అదే రాత్రి కంప్యూటర్‌లో దాన్ని "సరిచేశారు". పైలట్లకి చెప్పలేదు. పొద్దున ఇచ్చిన కాగితం మీది అంకెలే విమానంలోకి ఎక్కాయి. గీసుకున్న గీత సముద్రం మీద, కంప్యూటర్ గీత మౌంట్ ఎరెబస్ అనే మంచుకొండ మీద. తెల్లటి మబ్బు, తెల్లటి కొండ, రెండూ ఒక్కటిగా కనపడ్డాయి. ఎవరూ మిగల్లేదు. మొదటి రిపోర్ట్ తప్పు పైలట్లదే అంది. 1981లో జస్టిస్ మహోన్ కమిషన్ దాన్ని తిరగేసింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది.

కాలిన్స్ దగ్గర రెండు తెరలూ ఉన్నాయి. ఒకదాన్ని రాత్రికి రాత్రి మార్చేసి ఆయనకి చెప్పలేదు, అంతే.

ఇంకోటి. 1995 డిసెంబర్ 20, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 757, మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి. రాత్రి, రెండు వైపులా కొండలు. ఇంకో వైపు నుంచి నేరుగా దిగొచ్చు అన్నారు, వీళ్లు సరే అన్నారు, టైమ్ తక్కువైపోయింది. చార్ట్‌లో రోజో అనే రేడియో స్టేషన్ గుర్తు "ఆర్" అని ఉంది. కంప్యూటర్‌లో ఆర్ కొట్టారు. కానీ ఆ డేటాబేస్‌లో రోజో కావాలంటే పేరు పూర్తిగా కొట్టాలి. ఆర్ అంటే మొదట వచ్చింది బొగొటా దగ్గరున్న రోమియో అనే స్టేషన్. విమానం బుద్ధిగా ఎడమకి, కొండల వైపు తిరిగింది. 163 మందిలో నలుగురు బతికారు. 2000లో మయామీ జ్యూరీ తప్పులో 75 శాతం ఎయిర్‌లైన్‌ది, 17 శాతం జెప్పెసన్‌ది, 8 శాతం కంప్యూటర్ చేసిన హనీవెల్‌ది అని పంచింది. కొండలెక్కి కొలిచిన మనిషి పేరు మీదున్న కంపెనీ! చార్ట్ కరెక్టే, డేటాబేస్ కూడా దాని లెక్కలో కరెక్టే. రెండూ ఒకే పేరుతో రెండు చోట్లని పిలిచాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ బగ్ చూస్తే ఒళ్లు జలదరించాలి. ఆటోకంప్లీట్‌లో మొదట వచ్చింది నొక్కేయడం మనందరి అలవాటే.

సరే, మీ సెటప్ సంగతి. రెండో మానిటర్ కొనక్కర్లేదు, డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్ చాలు. డబ్బులిచ్చే యాప్ కూడా మొదట్లో అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లు మన దేశం చార్టులు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే పెడతారు. తెరవగానే తేదీ చూడండి, మీ సిమ్యులేటర్ డేటా ఏ ఏడాదిదో చూడండి. తర్వాత నేను చేసే పని ఒకటుంది, ఫ్రెండ్స్ నవ్వుతారు: యాప్‌లో కదిలే విమానం బొమ్మ ఆఫ్ చేస్తాను. పదిహేను నిమిషాలకోసారి మీటర్లు చూసి, నేనెక్కడున్నానో చార్ట్ మీద వేలు పెట్టి, అప్పుడు ఆన్ చేస్తాను. మొన్న శంషాబాద్ నుంచి విశాఖకి పోతూ వేలు పెట్టిన చోటు నుంచి బొమ్మ పద్దెనిమిది కిలోమీటర్లు దూరంలో ఉంది. గాలి లెక్క వెయ్యలేదని అప్పుడు అర్థమైంది.

వచ్చే ఎపిసోడ్ ఎవరెస్ట్ మీదే. 1818 చివర్లో ఆయన హైదరాబాద్‌కి వచ్చి లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు, మన గుట్టల మీద జ్వరంతో పడ్డాడు కూడా. ఆ ముచ్చట అప్పుడు. ఉంటాను మరి.